మిషను నవ

దురదను మా పక్క ‘నవ’ అంటాం. చిత్తూరు, అనంతపురం పక్కనుంచి ఎప్పుడో వచ్చి కోలారు జిల్లాలో నిలిచిపోయిన ఇళ్లలో ఈ మాట ఇంకా బతికే ఉంది. మా ఇంట్లో దీనికి తోడు ఇంకో మాట ఉండేది: ‘మిషను నవ’. ఇది ఏ నిఘంటువులోనూ దొరకదు. మా పిండి మిషనులో పనిచేసేవాళ్లకు మోచేతుల మీద, మోకాళ్ల మీద, మెడ వెనక పుట్టే నవకు మా తాత పెట్టిన పేరు. తాతకు అది లేదు. నాయనకు ఉండె. నాయన తరువాత మిషను మీద కూర్చున్న అన్నకూ వచ్చె.

ఇక్కడ ఇంతవరకు మా ఇంటి మాటలు, వంటలు, పెళ్లిళ్ల సంగతులు రాసుకుంటూ వచ్చినాం. ఈసారి ఒక జబ్బు గురించి రాస్తున్నాం. మేము అంటే అమ్మ, వదిన, చెల్లెలు, బెంగళూరులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం చేసే చిన్నకొడుకు. రాసే చెయ్యి చిన్నకొడుకుది, మాట అందరిదీ. మేము చదివింది కన్నడ బడిలో. తెలుగు అక్షరాలు ముప్పై దాటినాక నేర్చుకున్నాం కాబట్టి తప్పులుంటే సర్దుకోండి. అన్న మొత్తం చదివి ‘సరే, పెట్టండి’ అన్నాకే పెడుతున్నాం.

ముందు మిషను సంగతి. ముళబాగిలు దగ్గర ఒక చిన్న ఊళ్లో తాత దాన్ని 1978లో పెట్టినాడు. మిరపకాయలకు ఒకటి, పిండికి ఒకటి. రాగులు, బియ్యం, జొన్నలు, గోధుమలు అన్నీ ఒకే రాళ్లలోనే పడేవి. ఊళ్లో ఆడవాళ్లకు ఒక లెక్క ఉండేది. మనకు ముందు ఎవరు ఏం పట్టించుకుంటున్నారో చూసుకుని డబ్బా వరసలో పెట్టేవాళ్లు. గోధుమ వెనకాల రాగి పోస్తే మొదట పడే పిండి తెల్లగా వస్తుంది. ‘ముందోళ్ల పిండి మన డబ్బాలోకి, మన పిండి వెనకోళ్ల డబ్బాలోకి, ఎవురికీ నష్టం లేదులే’ అని అవ్వ నవ్వేది. అవ్వ అన్న ఈ మాట గుర్తుపెట్టుకోండి.

అన్నకు మిషను అంటే ప్రాణం. పిండి పడుతుంటే కుడిచేతి బొటనవేలికీ చూపుడువేలికీ నడమ రుద్ది చూసి, రాయి బిగించాలా సడలించాలా చెప్పేస్తాడు. నాయన దగ్గర నేర్చుకున్న పని అది.

2019 చలికాలంలో అన్నకు నవ మొదలాయె. అప్పటికి ఆయనకు ముప్పై ఎనిమిది. రెండు మోచేతులు, రెండు మోకాళ్లు, పిరుదులు, మెడ వెనక, తల వెంట్రుకల్లో. ఎడమ పక్క ఎక్కడ వస్తే కుడి పక్క కూడా అక్కడే. ముందు నిప్పు అంటుకున్నట్టు మంట, తరువాత గుంపుగా చిన్న చిన్న నీళ్ల పొక్కులు. అవి పొద్దున దాకా నిలిచేవి కాదు, నిద్రలోనే గోకేసేవాడు. డాక్టరు దగ్గరికి పోయే వేళకు పొక్కు ఉండదు, గీతలూ నల్లమచ్చలే ఉంటాయి. చూపించాల్సిన గుర్తు చూపించే వేళకు మాయమయ్యే జబ్బు ఇది. మా టెస్టింగ్ పనిలో కూడా ఇట్లాంటివి ఉంటాయి, పక్కన మేనేజరు నిలబడితే రాని తప్పులు.

మొదట గజ్జి అన్నారు. ఇంటిల్లిపాదీ మెడనుంచి కాళ్లదాకా మందు పూసుకున్నాం, దుప్పట్లన్నీ ఉడకబెట్టినాం. తరువాత తామర అన్నారు. మెడికల్ షాపులో ఇచ్చిన ట్యూబులు ఒకటి పోతే ఒకటి పూసినాం. నాలుగు రోజులు తగ్గినట్టు ఉండేది, మళ్లా మామూలే. తరువాత అలర్జీ అన్నారు. నాగదోషం అన్నవాళ్లూ ఉన్నారు, ఘాటి సుబ్రహ్మణ్యకు పోయి వచ్చినాం. పోయినందుకు మాకు చింత లేదు, అమ్మ మనసు నిమ్మళమాయె. నవ మాత్రం నిమ్మళం కాలేదు.

నవకన్నా ఎక్కువ నొప్పి పెట్టింది ఇంకొకటి. పుంగనూరులో బంధువుల పెళ్లి. మా ఆనవాయితీ ప్రకారం అన్న పంచె ఎగకట్టి వడ్డించడానికి గరిటె పట్టుకున్నాడు. చొక్కా చేతులు పైకి మడిచి ఉండె. ఒక పెద్దాయన దగ్గరికి వచ్చి, మెల్లగా చేతిలోంచి గరిటె తీసుకుని, ‘నువ్వు కూర్చో నాయనా, మేం చూసుకుంటాం’ అన్నాడు. కోపంగా అనలేదు, చాలా ప్రేమగా అన్నాడు. అన్న అప్పటినుంచి ఎండాకాలంలో కూడా పొడుగుచేతుల చొక్కా విప్పలేదు.

2021లో కొత్త గుర్తు ఒకటి కనిపించింది. కుడిచేతి వేళ్ల కొసల మీద ఎర్రటి చుక్కలు, సూదితో పొడిచి వదిలినట్టు. కొన్ని కలిసి ఆవగింజంత మచ్చలయ్యేవి. ఉబ్బు లేదు, నీరు లేదు, నవ కూడా పెద్దగా లేదు, వేలు దేనికైనా తగిలితే కొంచెం నొప్పి. కొన్ని రోజులకు గోధుమరంగుకు తిరిగి మాసిపోయేవి, మళ్లా కొత్తవి వచ్చేవి. ఎడమచేతికి ఒకటో రెండో, అంతే. మేము పట్టించుకోలేదు. మిషనులోంచి పడే పిండి వేడిగా ఉంటుంది, బెల్టు తగులుతుంది, నట్లు బిగించాలి. మిషను మనిషి చేతికి చుక్కలు రాకపోతే ఎవరికొస్తాయి అనుకున్నాం. డాక్టర్లకు మోచేతులు చూపించినాం గాని వేళ్లు చూపించాలని ఎవరికీ తట్టలేదు.

2022లో చిన్నకొడుకు బలవంతం చేసి అన్నను బెంగళూరులో ఒక పెద్దాసుపత్రి చర్మవిభాగానికి తీసుకుపోయినాడు. అక్కడి డాక్టరమ్మ మోచేతులు, మోకాళ్లు, మెడ చూసి, ఏమీ అనకుండా, ‘ఎరడూ కై తోరిసి’ అనింది, రెండు చేతులూ చూపించండి అని. వేళ్ల కొసలు చూసి ఆగిపోయింది. ఒక గాజుపలక తీసుకుని చుక్కల మీద నొక్కింది. ఎరుపు పోలేదు. నొక్కినప్పుడు ఎరుపు పోతే అది నరాల్లోనే ఉన్న రక్తం, పోకపోతే చర్మంలోకి కారిన రక్తం అని మాకు చెప్పింది. తరువాత ఏం పని చేస్తారు అని అడిగింది. ‘హిట్టిన మిషను’ అన్నాడు అన్న. ఏం తింటారు అని అడిగింది. మధ్యాహ్నం సంగటి, రాత్రి చపాతి. కాసేపు కాగితం మీద ఏదో రాసుకుని, ఒక జబ్బు అనుమానంగా ఉంది, పరీక్ష చేయకుండా పేరు చెప్పను అనింది.

ఆమె చెప్పినదాంట్లో మాకు అర్థమైనది ఇది. ఈ జబ్బు మామూలుగా కనిపించే చోట్లు మోచేతులు, మోకాళ్లు, పిరుదులు, తల, మెడ. వేళ్ల మీద, అరచేతుల మీద రక్తపు చుక్కలు అంతగా కనిపించే గుర్తు కాదు, కాని వైద్య పుస్తకాల్లో ఉన్నదే. పనిచేసే చేతికే ఎక్కువ వస్తాయి. ఒత్తిడి, రాపిడి దానికి కారణం కావచ్చు. ఉత్త చుక్కలు చూసి జబ్బు తేల్చరాదు, రక్తంలో ప్లేట్‌లెట్లు తగ్గినా, రక్తనాళాల వాపు ఉన్నా ఇట్లాంటి చుక్కలు వస్తాయి. అవి కాదని ముందు రక్తపరీక్షతో చూసుకోవాలి. అయితే మోచేతుల నవ, వేళ్ల చుక్కలు ఒకే మనిషికి కలిసి ఉంటే, ఈ జబ్బును ఒకసారి తలుచుకోవాలి. మూడేళ్లుగా ఎవరూ తలుచుకోనిది అదే.

ప్లేట్‌లెట్లు సరిగానే ఉండె. చర్మం ముక్కలు రెండు తీసినారు. ఒకటి కొత్తగా లేచిన పొక్కు దగ్గర, ఫార్మలిన్‌లో వేసి మామూలు మైక్రోస్కోపు కోసం. రెండోది పొక్కు మీద కాదు, పొక్కు పక్కన బాగానే ఉన్నట్టు కనిపించే చర్మంలోంచి, వేరే ద్రావకంలో వేసి ఇమ్యునోఫ్లోరసెన్స్ పరీక్ష కోసం. పొక్కు లేచిన చోట వాపువల్ల సాక్ష్యం చెరిగిపోతుందంట, పక్కన బాగున్న చోటే నిలిచి ఉంటుందంట. మా టెస్టర్‌కు ఈ మాట బాగా పట్టుకుంది. ఇంకొక మాట ఆమె రెండుసార్లు చెప్పింది, మేము కూడా చెబుతాం: పరీక్షలన్నీ అయ్యేదాకా గోధుమ తినడం ఆపొద్దు. ముందే ఆపేస్తే రక్తపరీక్ష, పేగు పరీక్ష ఏమీ లేదని రావచ్చు, అసలు జబ్బు దాక్కుంటుంది.

రిపోర్టు వచ్చింది. చర్మం పై పొర కింద ఉండే చిన్న చిన్న బుడిపెల కొసల్లో ఐజీఏ అనే యాంటీబాడీ నలకలు నలకలుగా పేరుకుని ఉంది. రక్తంలో టిష్యూ ట్రాన్స్‌గ్లూటమినేజ్ యాంటీబాడీ కూడా ఎక్కువ. జబ్బు పేరు డెర్మటైటిస్ హెర్పెటిఫార్మిస్.

పేరు చూసి భయపడినాం. దీన్ని 1884లో ఫిలడెల్ఫియాలో లూయిస్ డ్యూరింగ్ అనే చర్మవైద్యుడు విడిగా గుర్తుపట్టి ఆ పేరు పెట్టినాడు. పొక్కులు హెర్పిస్‌లో మాదిరి గుంపుగా వస్తాయని ఆ పేరు, అంతే. హెర్పిస్ వైరసుకూ దీనికీ ఏ సంబంధమూ లేదు. మా ఊళ్లో మాత్రం పేరు వినగానే ‘సర్పసుత్తు’ అనేసినారు. అదీ కాదు, ఇదీ కాదు. ఇది ఒకరినుంచి ఒకరికి అంటే జబ్బే కాదు.

జరిగేది ఇది. గోధుమ, బార్లీ, రై గింజల్లో గ్లూటెన్ అనే మాంసకృత్తు ఉంది. చపాతి పిండికి సాగే గుణం ఇచ్చేది అదే. కొందరికి పుట్టుకతో వచ్చిన జన్యువుల వల్ల, గ్లూటెన్ పేగులోకి పోతే ఒంటి కాపలా వ్యవస్థ తిరగబడుతుంది. తన ఒంట్లోని ట్రాన్స్‌గ్లూటమినేజ్ మీదనే యాంటీబాడీలు తయారు చేస్తుంది. దాని చుట్టమే ఒకటి చర్మంలో ఉంది. అక్కడ ఐజీఏ పేరుకుంటే తెల్ల రక్తకణాలు వచ్చి గుమిగూడి పొక్కులు లేపుతాయి. పేగులో జరిగితే సీలియాక్ అంటారు, చర్మంలో బయటపడితే ఇది. ఒకే చెట్టుకు రెండు కొమ్మలు. ఈ చర్మపు జబ్బు ఉన్నవాళ్ల పేగు కూడా చాలామందికి దెబ్బతిని ఉంటుందని 1960ల్లో తెలిసింది. కడుపులో మాత్రం చాలామందికి ఏమీ తెలియదు. మా అన్న రాళ్లు తిన్నా అరిగించుకుంటాడని పేరు.

రొట్టె ఎక్కువ తినే ఉత్తరాదిలో సీలియాక్ ఎక్కువ, మన దక్షిణాదిలో చాలా తక్కువ. అందుకే మన పక్క దీని మీదికి తొందరగా ధ్యాస పోదు. మునుపు చూసిన డాక్టర్లను మేము తప్పు పట్టడం లేదు. వాళ్ల దగ్గరికి పోయే దారిలోనే గోకేసి గుర్తులన్నీ తుడిపేసింది మేమే.

మందు డాప్సోన్. ఇచ్చే ముందు జీ6పీడీ అనే రక్తపరీక్ష చేసినారు. ఆ ఎంజైము తక్కువున్నవాళ్లకు ఈ మాత్ర ఇస్తే ఎర్రకణాలు పగిలిపోతాయి. అన్నకు సరిగానే ఉండె. మాత్ర మొదలుపెట్టిన మూడో రాత్రి అన్న గోకకుండా నిద్రపోయినాడు. మూడేళ్లలో మొదటిసారి. వదిన నిద్రపోలేదు, పక్కన కూర్చుని చూస్తానే ఉండిందంట. ఇంతకు మించి ఆమె ఏమీ చెప్పదు.

ఆ సంతోషం వారం కూడా నిలవలేదు. ఊళ్లో మందుల షాపులో పిల్లవాడు మాత్రల పట్టీ చూసి ‘ఇది కుష్టు మాత్ర కదా’ అన్నాడు. అబద్ధం కాదు. డాప్సోన్ కుష్టుకు ఇచ్చే మందుల్లో ఒకటి. కాని ఆ మాట షాపు దగ్గర ఆగలేదు. మిషను ముందు డబ్బాల వరస సగమాయె. ఒకామె పిండి తూకం వేసి ఇచ్చేటప్పుడు డబ్బాను కొంగుతో పట్టుకుంది. కుష్టు ఉన్నా సిగ్గుపడేది ఏమీ లేదు, మందు తింటే నయమయ్యే జబ్బే అది అని ఇప్పుడు అంటున్నాం. అప్పుడు మాకు అంత పెద్ద మనసు లేదు. ‘కుష్టు కాదు, కుష్టు కాదు’ అని ఇల్లిల్లూ తిరిగి చెప్పాలనిపించింది.

చెప్పింది అమ్మ. నోటితో కాదు. మరుసటి రోజు మధ్యాహ్నం సంగటి, చెనక్కాయల చట్నీ కట్టుకుని మిషను దగ్గరికి పోయింది. పది డబ్బాలు వరసలో ఉన్నాయి. ముందు బెంచీ మీద కూర్చుని, ఒకే తట్టలో సంగటి పెట్టి, అన్న ఒక పక్క తింటుంటే తాను ఇంకో పక్క తినింది. ఎవరితోనూ ఒక్క మాట అనలేదు. చెయ్యి కడుక్కుని ఇంటికి వచ్చింది. అట్లా నెలరోజులు పోయింది.

మాత్ర నవను ఆపుతుంది, పేగును బాగుచేయదు. ఎక్కువ రోజులు వాడితే రక్తం తగ్గుతుంది, అన్న పెదవులు ఒకసారి నీలంగా కనిపించి మోతాదు తగ్గించినారు. అసలు మందు గ్లూటెన్ మానడమే, అది నిదానంగా పనిచేస్తుంది, నెలలు పడుతుంది, ఏడాది రెండేళ్లు కూడా పట్టవచ్చు. మానకపోతే ముందు ముందు పేగులో ఒక రకం క్యాన్సరు భయం కూడా ఉందని డాక్టరమ్మ చెప్పింది.

సరే, మాన్పించినాం. చపాతి, పూరి, పరోటా, ఉప్మా రవ్వ, రవ్వ ఇడ్లీ, సేమియా, మైదా ఒబ్బట్టు, బేకరీ బన్ను, బిస్కత్తు. మన అదృష్టం ఏమంటే మన పాత తిండి అంతా నిలిచింది. రాగి సంగటి, కొర్ర బువ్వ, సామలు, జొన్నరొట్టె, సజ్జరొట్టె, బియ్యపు దోసె, మామూలు ఇడ్లీ. అవ్వ బతికి ఉంటే ఏమి మార్చుకోవాల్సి వచ్చేది కాదు. సత్యనారాయణ పూజ ప్రసాదం దగ్గర కొంచెం తకరారు వచ్చింది, గోధుమరవ్వతోనే చేయాలని పురోహితులు అన్నారు. అమ్మ బియ్యపురవ్వతో ఒక చిన్న గిన్నె వేరేగా చేసి దేవుడి ముందు పెట్టింది.

దొంగగా దాగినవి కొన్ని ఉన్నాయి, మీకు పనికొస్తాయని రాస్తున్నాం. అంగట్లో దొరికే ఇంగువ మొత్తం ఇంగువ కాదు, దాంట్లో పిండి కలుపుతారు, చాలావాటిలో అది గోధుమపిండి. డబ్బా మీద చదివితే తెలుస్తుంది. పాలలో కలుపుకునే మాల్టు పొడుల్లో బార్లీ ఉంటుంది. సోయా సాస్‌లో గోధుమ ఉంటుంది. మన దేశంలో ‘గ్లూటెన్ ఫ్రీ’ అని రాయాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములు దాటకూడదని నియమం. ఎంత తక్కువ కలిసినా లెక్కే అని దీన్నిబట్టి అర్థమవుతుంది.

ఎనిమిది నెలలు గడిచె. మాత్ర తగ్గిస్తే రెండో రోజు నవ. వేళ్ల కొసల్లో చుక్కలు మళ్లా వచ్చె. రక్తంలో యాంటీబాడీ కొంచెం దిగి అక్కడే నిలిచిపోయె. మా టెస్టర్ ఎక్సెల్ పట్టీ వేసినాడు. రోజూ తిన్నవి ఒక వరస, నవ ఎంత అన్నది ఒక వరస. ఒక్కొక్కటి తీసేసి రెండు వారాలు చూడడం, మళ్లా చేర్చడం. ఇంగువ మార్చినాం, మసాలాలు ఇంట్లో కొట్టుకున్నాం, హోటలు మానేసినాం. అన్నను కూర్చోబెట్టి ‘దొంగతనంగా బన్ను తింటున్నావా’ అని కూడా అడిగినాడు. అన్న లేచి వెళ్లిపోయినాడు. ఆ మాట అన్నందుకు చిన్నకొడుకు ఇప్పటికీ బాధపడతాడు.

కనిపెట్టింది వదిన. ఒక ఆదివారం సంగటి కెలుకుతూ, తెడ్డు ఆపి, ‘మరిదీ, ఈ పిండి ఎవరి వెనకాల పట్టినారు?’ అనింది.

మేమందరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ముందోళ్ల పిండి మన డబ్బాలోకి. అవ్వ నవ్వుతూ చెప్పిన మాటే. గోధుమ ఆడిన రాళ్లలోనే మా ఇంటి రాగులూ ఆడుతున్నాయి. మిషను ఓనర్ల ఇంట్లో, అందరికన్నా మంచి రాగులు తెచ్చి, గోధుమ కలిపి మేమే తినిపించినాం. పట్టీలో ‘సంగటి’ అని ప్రతిరోజూ ఉంది, దాని మీద అనుమానమే రాలేదు. దానికి తోడు రోజంతా గాల్లో గోధుమపిండి దుమ్ము, నోట్లోకి పోతానే ఉంటుంది.

అటక మీదనుంచి అవ్వ ఇసుర్రాయి దింపినాం. నాలుగు నీళ్లు కడిగి ఎండబెట్టినాం. రాగులు రైతు దగ్గరే కొని, చెరిగి, ఏరి, ఇంట్లోనే ఇసిరినాం. అమ్మకు చేతకాదు, వదిన, చెల్లెలు, సెలవు రోజుల్లో చిన్నకొడుకు. అన్న మిషనులో ముక్కుకూ నోటికీ మాస్కు కట్టుకున్నాడు. నాలుగు నెలలకు మాత్ర సగమాయె.

ఇక మిషను మాట. ఊళ్లో సగం మందికి చక్కెర జబ్బు, రాత్రికి చపాతి. గోధుమ వల్ల వచ్చే రాబడే ఎక్కువ. ‘నాయన మిషను, నేను ముయ్యను’ అన్నాడు అన్న. ‘ముయ్యమని ఎవురన్నారు, గోధుమ మానమంటున్నాం’ అనింది అమ్మ. చిన్నకొడుకు డబ్బు పంపుతానంటే అన్నకు ఇంకా కోపం వచ్చె. రెండు నెలలు ఇంట్లో మాటలు సరిగా లేవు. 2023 ఉగాదికి అన్నే రాళ్లు దింపినాడు. నాయన ఉలితో కక్కు కొట్టిన రాళ్లు అవి. వాటిని వాకిలి పక్కన పెట్టి, కొత్త రాళ్లు వేసి, పిండి పడే గుడ్డ సంచి మార్చి, లోపలంతా దులిపి, బయట కన్నడంలో బోర్డు రాయించినాడు: రాగి, జొన్న, సజ్జ, కొర్ర, సామ, బియ్యం మాత్రమే. గోధుమకు ఇంకో మిషనుకు పొమ్మంటే కొందరు తిట్టుకున్నారు. రాబడి మునుపటంత లేదు, ఇప్పటికీ లేదు. ఆ లోటు ఎట్లా పూడుస్తున్నాం అన్నది ఇంటి సంగతి.

2024లో డాక్టరమ్మ చెప్పినాక మాత్ర ఆపేసినాం. అప్పటినుంచి రెండుసార్లు నవ వచ్చింది, రెండుసార్లూ పెళ్లి భోజనాల తరువాత. వచ్చి పోయింది. వేళ్ల కొసల చుక్కలు మళ్లా కనిపించలేదు.

దగ్గరి రక్తసంబంధం ఉన్నవాళ్లు పరీక్ష చేయించుకుంటే మంచిది అన్నారు. అమ్మకు, చిన్నకొడుకుకు ఏమీ లేదు, అయినా ముందు ముందు రాదని గ్యారంటీ లేదంట. చెల్లెలికి యాంటీబాడీ ఎక్కువ వచ్చింది. ఆమె ఒంటి మీద ఒక్క చుక్క కూడా లేదు, నవ లేదు. పదేళ్లుగా రక్తం తక్కువని ఇనుము మాత్రలు మింగుతానే ఉంది, అంతే. ఎండోస్కోపీలో సీలియాక్ అని తేలింది. గోధుమ మానినాక ఆ మాత్రలు ఒంటికి పట్టినాయి.

ఇప్పుడు నాయన మాట. దీనికోసమే ఇదంతా రాయడం.

నాయన 2011లో గుండెపోటుతో పోయినాడు. ఆయనకు కూడా మోచేతులు, మోకాళ్లు. ‘మిషను నవ’ అని అందరమూ అనుకున్నాం. ఆయన తువ్వాలు వేరే, దుప్పటి వేరే, కొయ్యకు వేరేగా తగిలించేది. ఎవరూ కట్టిపెట్టలేదు, ఆయనే అట్లా పెట్టుకున్నాడని అమ్మ అంటుంది. మేము చిన్నప్పుడు ఆయన మమ్మల్ని ఎత్తుకున్నట్టు మాకు గుర్తు లేదు. ఒక్క ఫోటో కూడా లేదు. పక్కింటి పిల్లల నాయన భుజాల మీద ఎక్కించుకుంటే మేము చూసేవాళ్లం. మా నాయన కోపిష్ఠి, పిల్లలంటే పడదు అని ముగ్గురమూ పెద్దయ్యేదాకా అనుకున్నాం.

అన్న పొడుగుచేతుల చొక్కా వేసుకుని, తన కూతురు దగ్గరికి వస్తే దూరంగా జరగడం చూసినాక, ఒకరోజు అమ్మ ‘మీ నాయన మాదిరే’ అనింది. అప్పుడు తట్టింది. ఆయనకు మేమంటే పడక కాదేమో. మాకు అంటుకుంటుందని భయపడినాడేమో.

నాయనకు ఉండింది ఈ జబ్బే అని మేము చెప్పలేం. ధాన్యంలో ఉండే కంటికి కనిపించని పురుగుల వల్ల కూడా మిషను మనుషులకు నవ వస్తుంది. ఆయన వేళ్ల కొసలు మేము ఎప్పుడూ చూడలేదు. పిండి రుద్ది చూసే ఆ వేళ్లను వెయ్యిసార్లు చూసినాం, తిప్పి కొసలు చూడలేదు. ఇక తెలిసే దారి లేదు. టెస్టింగులో కొన్ని తప్పులను ‘మళ్లా రాబట్టలేము’ అని రాసి మూసేస్తారు. దీన్ని మూయబుద్ధి కావడం లేదు.

మీ ఇంట్లో ఎవరికైనా ఏళ్ల తరబడి రెండు పక్కలా ఒకే చోట నవ ఉంటే, గజ్జి మందుకూ తామర మందుకూ తగ్గకపోతే, చర్మం డాక్టరు దగ్గరికి పోయినప్పుడు అరచేతులు, వేళ్ల కొసలు కూడా చూపించండి. కొత్త పొక్కు లేచిన రోజే ఫోటో తీసి పెట్టుకోండి. గోధుమ గురించి మీరే అడగండి, కాని పరీక్ష కాకముందు మానొద్దు. రాగిపిండి ఎవరి వెనకాల పట్టించినారో చూసుకోండి.

అన్న ఇప్పుడు సగం చేతుల చొక్కా వేసుకుని మిషనులో కూర్చుంటున్నాడు. మోచేతుల మీద పాత నల్లమచ్చలు ఇంకా ఉన్నాయి, అడిగినవాళ్లకు చెబుతాడు. సాయంత్రం కూతురు బడినుంచి వచ్చి పిండి బస్తాల మీద ఎక్కి దూకితే పట్టుకుంటాడు.

మా ఇంటి మాటల పట్టీలో ‘మిషను నవ’కు ఇంతకాలం అర్థం రాయలేదు. ఇప్పుడిట్లా రాసుకున్నాం: మా అన్నకు ఉండింది. నాయనకు ఉండింది అదో కాదో తెలియదు. ఒకరినుంచి ఒకరికి అంటదు.